పాత తెర, కొత్త దృశ్యం: తెలుగు రంగస్థలంపై వస్తు పునర్వినియోగ చరిత్ర

ఉపోద్ఘాతం

నాటకం దృశ్యకావ్యం. దృశ్యాన్ని నిర్మించేది నటుడి అభినయం మాత్రమే కాదు. గుడ్డ, కర్ర, తోలు, వెదురు, రంగు, దీపం కూడా అందులో పాలు పంచుకుంటాయి. అయినా మన నాటక సాహిత్య చరిత్రలు ప్రధానంగా కర్త, కృతి, ఇతివృత్తం, ప్రదర్శన తేదీ అనే నాలుగు అంశాల చుట్టూ తిరిగాయి. తెర ఏ గుడ్డతో కుట్టారు, సింహాసనం ఏ కర్రతో చేశారు, నాటకం ముగిశాక అవి ఏమయ్యాయి అన్న ప్రశ్నలు పరిశోధనాంశాలుగా తగినంత గుర్తింపు పొందలేదు.

నేడు ప్రపంచ నాటకరంగంలో పర్యావరణ హితమైన రంగాలంకరణ గురించి విస్తృతంగా చర్చ జరుగుతోంది. బ్రిటన్‌లో నాటకరంగ నిపుణులు 2021లో వెలువరించిన 'థియేటర్ గ్రీన్ బుక్' ప్రతి ప్రదర్శన సామగ్రి విషయంలోనూ రెండు ప్రశ్నలు వేసుకోమంటుంది. ఈ వస్తువు ఇంతకుముందు ఎక్కడ ఉంది? ప్రదర్శన తరువాత ఎక్కడికి పోతుంది? ప్రాథమిక స్థాయిలో కనీసం సగం సామగ్రికి పూర్వ వినియోగం ఉండాలనీ, 65 శాతం సామగ్రి మళ్లీ వినియోగంలోకి వెళ్లాలనీ ఆ పుస్తకం ప్రమాణంగా పెట్టింది. ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసంలో వస్తువు యొక్క 'పూర్వజన్మ', 'ఉత్తరజన్మ' అని వ్యవహరిస్తున్నాను.

ఈ ప్రశ్నలను తెలుగు రంగస్థల చరిత్రకు అన్వయించినప్పుడు రెండు విషయాలు తేటపడతాయి. పునర్వినియోగం మనకు కొత్త ఆదర్శం కాదు. సంచార నాటక సమాజాలకు అది దైనందిన వృత్తి ధర్మం. అయితే దానిని పూర్వుల పర్యావరణ స్పృహగా కీర్తించడం కూడా చారిత్రక సత్యం కాదు. దానికి మూలం పేదరికం, ప్రయాణం, శ్రమ. ఈ రెండింటి మధ్య భేదాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

శాస్త్ర సమ్మతమైన తేలికదనం

నాట్యశాస్త్రం ఆహార్యాభినయాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు విధాలుగా విభజించింది. ఇందులో పుస్తం అంటే రంగంపై చూపే కొండలు, రథాలు, విమానాలు, ఆయుధాలు మొదలైన కృత్రిమ వస్తువుల నిర్మాణం. అది మళ్లీ సంధిమం, వ్యాజిమం, వేష్టిమం అని మూడు రకాలు. చాప, తోలు, గుడ్డ వంటి వాటిని కూర్చి చేసేది సంధిమం. యంత్ర సహాయంతో నడిచేది వ్యాజిమం. గుడ్డ చుట్టి రూపం కల్పించేది వేష్టిమం.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. రంగంపైకి నిజమైన ఇనుప ఆయుధాలను, బరువైన వస్తువులను తేవడాన్ని శాస్త్రం అంగీకరించలేదు. లక్క, కర్ర, తోలు, గుడ్డ, వెదురు వంటి తేలిక పదార్థాలతో వాటి అనుకృతులు చేసుకోవాలని విధించింది. దీనికి కారణం ప్రకృతి రక్షణ కాదు, నటుడి సౌకర్యం. బరువు మోస్తే నటుడు అలసిపోతాడు, అభినయం దెబ్బతింటుంది. అయినా ఫలితం గమనార్హం. రంగంపై వస్తువు నిజం కానక్కరలేదు, నిజమని తోపిస్తే చాలు అన్న సూత్రం స్థిరపడింది. ఒకే చాప ఒకనాడు కొండగా, మరొకనాడు రథంగా మారగల అవకాశం ఈ సూత్రంలోనే ఉంది.

ఒక్క తెర, రెండు చేతులు

తెలుగు దేశంలోని సంప్రదాయ ప్రదర్శన కళలు ఈ తేలికదనాన్ని మరింత ముందుకు తీసుకుపోయాయి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి కావలసిన రంగాలంకరణ ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకున్న ఒక తెర మాత్రమే. ఆ తెర మీదుగా జడ వేయడంతోనే పాత్ర స్వభావం, ప్రేక్షకుల కుతూహలం రెండూ సిద్ధమవుతాయి. కాగడా మంటపై గుగ్గిలం పొడి చల్లినప్పుడు లేచే వెలుగు నేటి విద్యుద్దీపాలు చేసే పనిని ఆనాడు చేసింది. తెర మడిస్తే భుజాన పట్టే మూట. ఊరు మారినా రంగం మారదు.

వీధి భాగవతాల్లో వెలుగునిచ్చిన దివిటీ కూడా పునర్వినియోగానికి చక్కని నిదర్శనం. కర్ర చివర చుట్టిన పాత గుడ్డ పీలికలను నూనెలో తడిపి వెలిగించేవారు. కట్టి విడిచిన బట్ట ఆ విధంగా తన చివరి దశలో రంగస్థలానికి దీపమైంది. ఆ దివిటీ పట్టే పని అనేక గ్రామాల్లో రజకుల వంతుగా ఉండేది. కనుక పాత వస్తువు వినియోగాన్ని గురించి చెప్పేటప్పుడు దాని వెనుక ఉన్న కుల వృత్తి వ్యవస్థను విస్మరించరాదు. వస్తువు ఆదా అయినప్పుడల్లా ఎవరిదో శ్రమ ఖర్చయింది.

తోలుబొమ్మలాటలో ఈ లక్షణం ఇంకా స్పష్టం. పశుచర్మాన్ని పారదర్శకంగా అయ్యేవరకు శుభ్రం చేసి, బొమ్మగా కత్తిరించి, చిల్లులు పొడిచి రంగులు వేస్తారు. చేతులు, కాళ్లు విడిగా చేసి కీళ్ల దగ్గర దారంతో కడతారు. ఈ నిర్మాణం ఆడించడానికి మాత్రమే కాక మరమ్మతుకు కూడా అనుకూలం. ఒక చేయి చినిగితే ఆ చేయి ఒక్కటే మార్చవచ్చు. బొమ్మ మొత్తం పారవేయనక్కరలేదు. ఆట ముగిశాక పందిరి కర్రలు, తెర గుడ్డ దేనికవి విడిపోయి మళ్లీ తమ పూర్వ ప్రయోజనాలకు చేరుకోగలవు. నేటి రంగాలంకరణ నిపుణులు విప్పి మళ్లీ కట్టగల నిర్మాణం అని చెప్పే పద్ధతి అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంట వంటి గ్రామాల్లోని బొమ్మలాట కుటుంబాలకు తరతరాలుగా పరిచితమే.

విడిచిపోయిన పాకలు, కదిలిపోయే నాటకశాలలు

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన ఆరంభమే పునర్వినియోగంతో ముడిపడి ఉంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వారు తెలుగు ప్రాంతాల్లో పర్యటించి ప్రదర్శనలిచ్చారు. వారు రాజమహేంద్రవరం విడిచి వెళ్లాక, వారు వేసుకున్న నాటకశాల పాకలను ఆసరా చేసుకొని కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులచేత నాటకాలు ఆడించిన వృత్తాంతం మన రంగస్థల చరిత్రల్లో ప్రసిద్ధం. ఈ ఘట్టాన్ని సాధారణంగా తెలుగు నాటక ప్రదర్శనకు నాందిగా చెబుతారు. దానిని వస్తు చరిత్ర దృష్టితో చూస్తే మరొక అర్థం తోస్తుంది. పరభాషా సమాజం వదిలిన పాక తెలుగు నాటకానికి తొలి నీడనిచ్చింది. కొత్త నాటకశాల కట్టేవరకు ఆగవలసి వస్తే ఆ ప్రయత్నం అప్పటికి ఆగిపోయి ఉండేదేమో.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధ నాటకంతో ప్రారంభించిన సురభి నాటక సమాజం ఈ చరిత్రలో కీలకమైనది. ఆ కుటుంబాల పూర్వులు తోలుబొమ్మలాట ఆడినవారు. బొమ్మ వెనుక నిలిచి కథ చెప్పిన వంశం బొమ్మను విడిచి తానే రంగంపైకి వచ్చింది. వృత్తి రూపం మారినా చేతి పని మారలేదు. తోలుకు రంగు వేసిన నైపుణ్యం గుడ్డ తెరకు రంగు వేయడానికి, కీళ్లు కట్టిన నైపుణ్యం మాయాబజార్ వంటి నాటకాల్లో యంత్ర చమత్కారాలకు పునాది అయి ఉండవచ్చునని భావించడం అసంగతం కాదు. ఘటోత్కచుడి నోటిలోకి లడ్డూలు ఎగిరి వచ్చే దృశ్యానికి ఆధారం ప్రేక్షకులకు కనపడని తీగ, దానిని సరైన క్షణంలో లాగే చేయి. నాట్యశాస్త్రం చెప్పిన వ్యాజిమానికి ఇది సజీవ ఉదాహరణ.

సురభిలో నటుడు, చిత్రకారుడు, దర్జీ, వడ్రంగి వేర్వేరు ఉద్యోగులు కారు, చాలావరకు ఒకే కుటుంబ సభ్యులు. సమాజం ఊరినుంచి ఊరికి కదులుతుంది. తెరలు, వింగులు, కిరీటాలు, గదలు పెట్టెల్లో వెంట నడుస్తాయి. ప్రతి ఊరిలో కొత్త సామగ్రి చేసుకొనే స్తోమత గాని, పాతది పారవేసే విలాసం గాని వారికి లేవు. గుడ్డ తెరపై బంక కలిపిన నీటి రంగులు వేసినప్పుడు ఆ గుడ్డను ఉతికి మళ్లీ చిత్రించుకోవచ్చు. చిరిగిన భాగానికి అతుకు వేసి, ఆ అతుకు కనిపించకుండా చెట్టునో స్తంభాన్నో దానిపై గీయవచ్చు. తెరకు ఉత్తరజన్మ ఇచ్చేది రంగు స్వభావం, దానిని తెలిసిన చేయి.

నిల్వ తెరలు, నాటక పాఠం

పునర్వినియోగం ఖర్చుకు సంబంధించిన విషయం మాత్రమే అయితే సాహిత్య విద్యార్థికి దానితో పెద్దగా పని ఉండదు. కాని అది నాటక రచనా శిల్పాన్ని కూడా ప్రభావితం చేసింది. దర్బారు, అంతఃపురం, వీధి, అడవి, ఉద్యానవనం, శ్మశానం అనే కొద్దిపాటి తెరలు సమాజం దగ్గర నిల్వ ఉంటే వందల నాటకాలు ఆడవచ్చు. హస్తినాపుర దర్బారు మరునాటి నాటకంలో అయోధ్య దర్బారు అవుతుంది. రాముడి అడవే నలుడి అడవి. స్థలాన్ని విశిష్టంగా గుర్తింపజేసే బాధ్యత తెరనుంచి పద్యానికి, సంభాషణకు బదిలీ అయింది. పౌరాణిక నాటకాల్లో పాత్రలు తామెక్కడ ఉన్నదీ, ఎదుట ఏమి కనిపిస్తున్నదీ వర్ణిస్తూ పద్యాలు చదవడాన్ని విమర్శకులు కొందరు ప్రబంధ ప్రభావంగా వివరించారు. అది నిజమే అయినా సామాన్యమైన తెర ముందు నిలిచి విశిష్టమైన స్థలాన్ని సృష్టించవలసిన అవసరం కూడా ఆ వర్ణనలకు ఒక కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

సన్నివేశాల క్రమం కూడా ఇటువంటిదే. రంగం ముందు భాగంలో తెర దించి దారి సన్నివేశమో, హాస్య సన్నివేశమో నడిపిస్తున్నంతసేపు తెర వెనుక దర్బారు అమర్చుకోవచ్చు. నిడివైన గంభీర సన్నివేశాల మధ్య చిన్న హాస్య ఘట్టాలు రావడంలో రసపోషణతో పాటు రంగ నిర్వహణ సౌకర్యం కూడా ఉంది.

ప్రజల వ్యవహారం ఈ సంబంధాన్ని భాషలో భద్రపరచింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని ఘట్టం 'పడకసీను' అయింది. హరిశ్చంద్రలోని శ్మశాన ఘట్టం 'కాటిసీను' అయింది. రంగాలంకరణకు చెందిన మాట నాటక భాగానికి పేరైంది. పడకసీనుకు కావలసింది ఒక మంచం, తలాపున ఒక ఆసనం. ఆ రెండూ ఆ ఊరిలో ఏ ఇంటినుంచైనా తెచ్చుకోవచ్చు. తెల్లవారితే మంచం మళ్లీ ఇంటికి చేరుతుంది. ఇంత తక్కువ సామగ్రితో ఇంత ఎక్కువ ప్రాచుర్యం పొందిన దృశ్యాలు మన నాటకరంగంలో అరుదు.

పౌరాణిక నాటకాలకు తెరలు, దుస్తులు, కిరీటాలు రాత్రికింత అని అద్దెకిచ్చే సప్లయర్ల వ్యవస్థ కూడా ఇక్కడ పరిశీలనార్హం. ఒకే తెర, ఒకే గద అనేక సమాజాల చేతుల్లో తిరిగాయి. ఇది వ్యాపారమే. అయినా వస్తువును ఒకరి సొత్తుగా కాక పలువురి ఉమ్మడి వినియోగంగా నిలిపిన ఏర్పాటు.

తెర లేని రంగం

1943లో ఆవిర్భవించిన ఆంధ్ర ప్రజానాట్యమండలి ఈ చరిత్రకు మరొక మలుపు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన 'మాభూమి' నాటకాన్ని 1947 ప్రాంతంలో వందకు పైగా దళాలు ఊరూరా ప్రదర్శించాయి. అన్ని దళాలకు అన్ని తెరలు సమకూర్చడం అసాధ్యం. తెలంగాణ రైతు ఇల్లు చూపడానికి చిత్రించిన తెరకన్నా నిజమైన గొంగడి, కర్ర, కుండ ఎక్కువ నమ్మదగినవి. పౌరాణిక నాటకం అనుకృతిని ఆశ్రయిస్తే ప్రజానాటకం నిత్యజీవిత వస్తువునే రంగంపైకి తెచ్చింది. తరువాతి కాలంలో జననాట్యమండలి ప్రదర్శనల్లో గొంగడి వేషం, సామగ్రి రెండూ అయింది.

ఈ దశలో ఒక గుణాత్మక భేదం కనిపిస్తుంది. సురభివారికి తక్కువ సామగ్రి నిర్బంధం. ప్రజానాట్యమండలికి అది నిర్బంధంతో పాటు ఎంపిక కూడా. ఎవరి కథ చెబుతున్నామో వారి వస్తువులతోనే చెప్పాలన్న సౌందర్య దృష్టి అందులో ఉంది. బెంగాల్‌లో బాదల్ సర్కార్ 1970వ దశకంలో ప్రతిపాదించిన మూడవ రంగస్థలం ఖర్చును, బరువును వదిలించుకోవడాన్ని సిద్ధాంత స్థాయికి తీసుకుపోయింది. తెలుగులో ఆ ఆచరణ అంతకు ముందే ఉంది.

గొలుసు తెగిన చోటు

1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు నాటక పోటీలకు బాట వేసింది. సాంఘిక నాటకం బలపడింది. సాంఘిక నాటకం వాస్తవికతను కోరింది. ఫలానా ఇల్లు, ఫలానా కార్యాలయం కళ్లకు కట్టాలి. అడవి తెర వంద నాటకాలకు పనికివచ్చింది కాని, ఒక గుమాస్తా ఇంటి గోడ ఆ నాటకానికే ప్రత్యేకం. రంగాలంకరణ నాటకానికి విధేయం కావడం కళాపరంగా ప్రగతి. వస్తుపరంగా అది పునర్వినియోగ గొలుసులో మొదటి తెగిన కొక్కెం. అయినా చెక్క చట్రం, గుడ్డ, అట్ట ఉన్నంతకాలం విప్పి మళ్లీ వాడే అవకాశం మిగిలే ఉంది.

అసలు విచ్ఛేదం థర్మోకోల్, ఫ్లెక్సీల రాకతో జరిగింది. థర్మోకోల్ తేలిక, చవక, చెక్కడానికి సులువు. నాట్యశాస్త్రం కోరిన తేలికదనం అందులో సంపూర్ణంగా ఉంది. కాని విరిగితే అతకడం కష్టం, పారవేస్తే మట్టిలో కలవదు. ఫ్లెక్సీపై ఏ రాజభవనమైనా కొద్ది గంటల్లో ముద్రితమై వస్తుంది. దానిని ఉతికి మళ్లీ చిత్రించడం కుదరదు. పూర్వజన్మ లేదు, చెప్పుకోదగిన ఉత్తరజన్మా లేదు. ఫ్లెక్సీ ధర చిత్రకారుడి కూలితో పోటీపడి గెలిచింది. అందువల్ల నష్టం ప్రకృతికి మాత్రమే పరిమితం కాలేదు. తెర చిత్రకళను నేర్పే గురువుకు శిష్యుడు కరవయ్యాడు. ఆ విద్య ఒక తరం పాటు చేతులు మారకపోతే గ్రంథాలు చూసి దానిని పునరుద్ధరించలేము.

కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం 2022 జూలై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణ థర్మోకోల్, 100 మైక్రాన్ల కన్నా పలుచని పి.వి.సి. బ్యానర్లు ఉన్నాయి. చట్టం ఒక వస్తువును తొలగించగలదు. దాని స్థానంలోకి ఏది రావాలో చెప్పలేదు. ఆ సమాధానం రంగస్థల చరిత్రలో వెదకవలసి ఉంది.

ఒక హెచ్చరిక

పాతదంతా నిర్దోషమని భావించడం పొరపాటు. సంప్రదాయ నటులు ముఖానికి పూసుకున్న పచ్చని అరదళం ఆర్సెనిక్ కలిగిన ఖనిజం. రంగులకు వాడిన ముద్దసంకం సీసానికి సంబంధించింది. ఆ పాత్రల తేజస్సుకు మూల్యం నటుల చర్మం చెల్లించింది. తాటాకు పాకలకు, కాగడాలకు నిప్పు భయం ఎప్పుడూ ఉండేది. అందువల్ల సంప్రదాయంనుంచి మనం స్వీకరించవలసింది పదార్థాల జాబితా కాదు, పద్ధతి. విప్పదగినట్లు కట్టడం, ఉతకదగిన రంగు వేయడం, ఒక వస్తువును పలు దృశ్యాలకు నియోగించడం, మిగిలిన లోటును మాటతోనూ అభినయంతోనూ పూరించడం ఆ పద్ధతిలోని అంగాలు.

అదే విధంగా పేదరికాన్ని ఆదర్శంగా చూపడం కూడా తగదు. సురభి కళాకారుడు చిరిగిన తెరకు అతుకు వేసింది భూగోళాన్ని కాపాడడానికి కాదు, మరునాడు ప్రదర్శన ఉంది కనుక. ఆ నిర్బంధాన్ని నేటి నాటకరంగం స్వచ్ఛందమైన నియమంగా మార్చుకోవాలంటే, అతుకు వేసే చేతికి తగిన ప్రతిఫలం ఇవ్వడంతో ప్రారంభించాలి. కొత్త ఫ్లెక్సీ కన్నా పాత తెర మరమ్మతుకు ఎక్కువ ఖర్చయినా భరించగలగాలి. శ్రమను చవకగా ఉంచి సాధించే పర్యావరణ హితం సగం సత్యమే.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. తెలుగు రంగస్థలంపై వస్తు పునర్వినియోగం సంప్రదాయ కళలనుంచి సంచార సమాజాలకు, అక్కడినుంచి ప్రజా నాటకరంగానికి వేర్వేరు కారణాలతో కొనసాగింది. నిల్వ తెరల పరిమితి పౌరాణిక నాటకంలోని వర్ణనాత్మకతను, సన్నివేశ క్రమాన్ని ప్రభావితం చేసింది. గొలుసు తెగడానికి కారణం వాస్తవిక నాటకం ఒక్కటే కాదు, మరమ్మతుకు లొంగని పదార్థాలు కూడా.

ఈ చరిత్రను నిలుపుకోవడానికి చేయదగిన పని ఒకటుంది. నాటకాలను ప్రచురించేటప్పుడు తొలి ప్రదర్శనలో పాల్గొన్న నటుల పేర్లను ముద్రించే ఆచారం మనకు ఉంది. ఆ పుటలోనే తెర చిత్రించినవారి పేరు, ఏ సామగ్రి వాడారు, అది తరువాత ఏ నాటకానికి ఉపయోగపడింది అన్న నాలుగు వాక్యాలు చేర్చవచ్చు. విశ్వవిద్యాలయ రంగస్థల శాఖలు పాత తెరలను ప్రతులవలె సేకరించి భద్రపరచవచ్చు. తాళపత్రంలో పాఠాంతరాలు వెదికినట్లే, ఉతికి మళ్లీ గీసిన తెరలో పాత రంగు జాడలు వెదకవచ్చు. ఆ జాడల్లో ఏ రాజ్యం కింద ఏ అడవి ఉందో, ఆ అడవిని గీసిన చేయి ఎవరిదో తెలిసిననాడు మన నాటక చరిత్రలో ఇంతవరకు ఖాళీగా ఉన్న ఒక పుట నిండుతుంది.